పెద్దల్లుడి మొహం

పదకొండేళ్ళుగా పాడటం మానేసిన గాయని మళ్ళీ మైకు ముందుకు వస్తానంది. రావడం కూడా మావయ్యగారి స్టూడియోకే వచ్చింది. తన పాత పాటలన్నీ రికార్డు చేసిన పెద్దల్లుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని కుశలమడిగింది, పిల్లల చదువులడిగింది, లోపలికి వెళ్ళి మావయ్యగారి ఎదురుగా కూర్చుంది. కూర్చుని, "ఈ ఆల్బమ్ మీ చిన్నల్లుడు చెయ్యాలి," అంది. పోయిన వారం మనం పెద్దల్లుణ్ణి ఆ గుమ్మంలోనే వదిలేశాం, ఆ మాట తనకి వినబడనట్టు మొహం పెట్టుకుని ఉండగా.

అతనికి వినబడకపోవడం అంటూ ఉండదు. ఆ స్టూడియోలో ఏ మూల ఏ బల్బు సన్నగా జుమ్మంటున్నా ముందు తెలిసేది అతనికే. ఇరవై రెండేళ్ళప్పుడు వైర్లు చుట్టే పనికి చేరాడు. ఏ గొంతుకి ఏ మైకు నప్పుతుందో, వయొలిన్లని ఏ గోడ వైపు కూర్చోబెడితే మెత్తగా పలుకుతాయో, వాన పడుతున్నప్పుడు పైకప్పు చప్పుడు రికార్డులో పడకుండా ఏం చెయ్యాలో, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. పని చూసి మావయ్యగారు పెద్దమ్మాయిని ఇచ్చి పెళ్ళి చేశారు. ఆనాటి నుంచి స్టూడియోలో అందరికీ అతను పెద్దల్లుడే. పక్క వీధి కొట్టువాడు కూడా అలాగే పిలుస్తాడు.

చిన్నల్లుడు వచ్చింది చాలా తర్వాత. ఒకరోజు కీబోర్డు వాయించడానికి వచ్చాడు. వారం తిరక్కుండానే మావయ్యగారి చిన్నమ్మాయికి నచ్చాడు. ఏడాది తిరక్కుండా మావయ్యగారికీ నచ్చాడు. పాట ఎవరు పాడాలి, ఎంత నెమ్మదిగా నడవాలి, వాయిద్యాలు ఎక్కడ ఆగిపోవాలి, చివరికి వినేవాడి చెవిలో ఎలా పడాలి అని తేల్చేవాడు ప్రొడ్యూసర్. అతను తేల్చిందాన్ని నిజం చేసేవాడు ఇంజనీరు. ఏడేళ్ళుగా ఒకడు తేలుస్తున్నాడు, ఇంకొకడు చేస్తున్నాడు. ఆల్బమ్ వెనక అట్ట మీద ఒకడి పేరు దూరం నుంచి చూసినా కనబడుతుంది, ఇంకొకడి పేరు కళ్ళజోడు పెట్టుకుని వెతికితే దొరుకుతుంది.

పెద్దల్లుడికి అంతకన్నా గుచ్చుకునేవి వేరే ఉన్నాయి. చిన్నల్లుడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వస్తాడు, ఆ చప్పుడు వినగానే అప్పటిదాకా నీరసంగా కూర్చున్న వాయిద్యగాళ్ళు సర్దుకుంటారు. అందరూ అతని జోకులకే నవ్వుతారు. అవే జోకులు పెద్దల్లుడు వేస్తే "భలేవారండీ" అని ఊరుకుంటారు. మావయ్యగారు పెద్దల్లుణ్ణి మీరు అంటారు, చిన్నల్లుణ్ణి ఒరేయ్ నాన్నా అంటారు. చూసేవాళ్ళు పెద్దల్లుడికి గౌరవం ఎక్కువ అనుకుంటారు. ఆ గౌరవం ఎంత దూరంలో నిలబెడుతుందో దాన్ని మోసేవాడికే తెలుసు.

మంగళవారం ఉదయం పదింటికి, గాయని అప్పటికే పాడి వెళ్ళిన మొదటి పాట మిక్సింగ్‌కి కూర్చున్నారు. విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాల్నీ కలిపి, ఏది ఎంత వినబడాలో కుదిర్చి, ఒక్క పాటగా చేసే పని అది. గాయని రాలేదు. తయారయ్యాక ఇంటికి పంపమంది. కంట్రోల్ రూములో ఇద్దరే ఉన్నారు. మీటలన్నీ ఉండే కన్సోల్ ముందు తన కుర్చీలో పెద్దల్లుడు, పక్కన గోడకి ఆనించిన ఎత్తు స్టూలు మీద చిన్నల్లుడు. స్పీకర్ల వైపు తిరగకుండా ఇంజనీరు వైపు తిరిగి కూర్చునే ప్రొడ్యూసర్ని పెద్దల్లుడు ఇంకెక్కడా చూడలేదు. అది తన మీద కాపలా అనుకునేవాడు. అనుకున్న ప్రతిసారీ ఒళ్ళు మండేది.

పాట మొదలైంది. పదకొండేళ్ళు వాడని గొంతు అంటే ఎవరూ నమ్మరు. అడుగున కాస్త ఇసక చేరింది, ఆ ఇసకలోనే కొత్త అందం ఉంది. పెద్దల్లుడు శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద వేలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఈ గొంతుని తను ఎక్కడికి తీసుకెళ్ళేవాడో అతనికి తెలుసు. ఏమీ చెయ్యకూడదు. దాన్ని దాని మానాన వదిలెయ్యాలి.

"అన్నయ్యగారూ, అమ్మగారి గొంతు మీద దుప్పటి కప్పినట్టుంది," అన్నాడు చిన్నల్లుడు. "పైన కొంచెం వెలుగు పెంచండి."

దుప్పటేం లేదు. అయినా సన్నని పై శబ్దాల్ని తేల్చే ట్రెబుల్ కాస్త పెంచాడు.

"ఇంకొంచెం."

పెంచాడు.

"ఇంకొంచెం పెంచండి. ఇంకా మూసుకున్నట్టే ఉంది."

మూడోసారికి పెద్దల్లుడి పళ్ళు జివ్వుమన్నాయి. పల్లవిలో నాలుగు సకారాలున్నాయి, నాలుగూ సూదుల్లా చెవిలో దిగాయి. ఇది వినబడని ప్రొడ్యూసర్ ఉంటాడా అని పక్కకి చూశాడు. చిన్నల్లుడు టీ కప్పు పట్టుకుని ప్రశాంతంగా తన వైపే చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది అతనికి. ఒక్క క్షణం నమ్మలేదు. స్పీకర్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకోవడానికి కన్సోల్ కింద ఒక మీట ఉంటుంది, అది తిప్పితే సన్నని ఈల మోగుతుంది. పాట ఆపి ఆ మీట తిప్పాడు. మామూలు మనిషైతే వెంటనే చెవి మీద చెయ్యి వేసుకుంటాడు. చిన్నల్లుడు కప్పులో ఊదుకున్నాడు. పెద్దల్లుడు ఈల ఇంకా పెంచాడు. తన చెవి లోపల నొప్పి మొదలైంది.

"ఏమైంది అన్నయ్యగారూ, పాట ఆపేశారు?" అన్నాడు చిన్నల్లుడు. "అంతా నిశ్శబ్దం అయిపోయింది."

పెద్దల్లుడు మీట వెనక్కి తిప్పాడు.

"ఏం లేదు. వైరు చూసుకుంటున్నాను," అన్నాడు.

ఆ తర్వాత అతని గుండెల్లో పొంగింది జాలి కాదు. జాలి అయి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. ఏడేళ్ళుగా లోపల ముడేసుకుని కూర్చున్నదేదో ఒక్కసారి విడిపోయినట్టయింది. వీడికి వినబడదు. అందరూ నెత్తిన పెట్టుకుంటున్న వీడికి, ఆవిడ ఏరికోరి అడిగిన వీడికి, చెవుల్లో సగం లేదు. ఆ సంగతి ఈ భూమ్మీద తనొక్కడికే తెలుసు అనుకున్నాడు. ఆ అనుకోవడం ఎంత తియ్యగా ఉందంటే, ఎక్కడ ఒలికిపోతుందోనని మొహం బిగించేశాడు.

సాయంత్రం దాకా ఆ మొహం విప్పలేదు. చిన్నల్లుడు ఎంత పెంచమంటే అంత పెంచాడు. పాటలో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా కాగితం చింపినట్టు వినబడుతోంది. అతను రాయిలా కూర్చుని, చెప్పింది చెప్పినట్టు చేశాడు. నాలుగింటికి చిన్నల్లుడు స్టూలు దిగి వచ్చి, ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"బాగుందంటారా?"

"ప్రొడ్యూసర్‌వి నువ్వు. నీకు బాగుంటే బాగున్నట్టే."

"మీకేమీ తేడాగా లేదు కదా?"

"నాదేముంది తమ్ముడూ. నువ్వు చెప్పింది చెయ్యడమేగా నా పని."

చిన్నల్లుడు అతని మొహంలోకి మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత, సరే పంపించేద్దాం అన్నాడు. ఐదింటికి పాట గాయని ఇంటికి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున పెద్దల్లుడు అద్దం ముందు పళ్ళు తోముకుంటుంటే భార్య తువ్వాలు పట్టుకుని వచ్చింది. వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"ఏంటి అలా చూస్తున్నావ్?"

"మీరు నవ్వుకుంటున్నారు."

"పళ్ళు తోముకుంటున్నాను."

"పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. తోముకోవడానికీ నవ్వుకోవడానికీ తేడా నాకు తెలీదా?" అంది. "నిన్న పాట బాగా వచ్చిందా?"

"వాళ్ళు అడిగినట్టు వచ్చింది."

"మీకు నచ్చిందా అని అడుగుతున్నాను."

"నాకు నచ్చాలని ఎవరికుంది?"

ఆవిడ తువ్వాలు అతని భుజం మీద వేసింది. "మొన్న ఆ స్టూడియో గుమ్మంలోంచి వచ్చి రెండు రోజులు అన్నం మానేశారు. ఇవాళ నవ్వుకుంటున్నారు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలీదు. కానీ ఏమండీ, మీరు ఏడుస్తుంటేనే నాకు నయంగా ఉంది," అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను నోరు పుక్కిలించి అద్దంలోకి చూసుకున్నాడు. నిజంగానే నవ్వు ఉంది. తుడుచుకున్నా పోలేదు.

స్టూడియోకి వెళ్ళేసరికి పది దాటింది. లోపల లైటు వెలుగుతోంది కానీ పాట లేదు, మాట లేదు. చిన్నల్లుడు ఒక్కడే ఉన్నాడు. ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కాకుండా పెద్దల్లుడి కుర్చీలో కూర్చున్నాడు. అతను రాగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చో కూర్చో. ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది, అది కూడా తీసుకో," అన్నాడు పెద్దల్లుడు. నవ్వులాటగా అందామనుకున్నాడు, అలా రాలేదు.

చిన్నల్లుడు కూర్చోలేదు. "పొద్దున మా పాపకి పాట వినిపించాను అన్నయ్యగారూ. ఐదేళ్ళది. పల్లవి అవకముందే రెండు చెవులూ మూసుకుంది."

పెద్దల్లుడు సంచి పక్కన పెట్టాడు.

"నిన్న మీరెందుకు మొహం దాచేశారు?"

"ఏంటి?"

"మీ మొహం. నిన్న పన్నెండింటి నుంచి మీ మొహంలో ఏమీ లేదు. నేను ఏం పెంచమన్నా కనుబొమ్మ కదల్లేదు. ఏదో జరిగిందని అప్పుడే అనుమానం వచ్చింది. అడుగుదామని వచ్చాను కూడా. కానీ ఎందుకడుగుతున్నావని మీరంటే ఏం చెప్పాలి?"

పెద్దల్లుడికి అర్థం కాలేదు. చిన్నల్లుడు గొంతు తగ్గించి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా మొదలుపెట్టాడు.

"నాకు పైస్థాయి సన్నని శబ్దాలు వినబడవు. ఎడమ చెవి మూడేళ్ళ కింద పోయింది, కుడిది ఆ తర్వాతి ఏడాది. మాటలు వినబడతాయి, పాట వినబడుతుంది, కానీ అంచులు వినబడవు. డాక్టరు ఇక తిరిగిరాదన్నాడు. ఈ పని మానెయ్యమన్నాడు. మానేస్తే నాకేం మిగులుతుంది? అప్పట్నుంచీ మిమ్మల్ని చూసి చేస్తున్నాను."

"నన్ను చూసి?"

"శబ్దం కొంచెం తేడాగా ఉంటే మీ ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. బాగా తేడాగా ఉంటే పెదవి బిగిస్తారు. మామూలుగా ఉంటే బొటనవేలు గోరు చూసుకుంటారు."

"మరి బాగుంటే?"

చిన్నల్లుడు తటపటాయించాడు. "బాగుంటే మీకు కోపం వస్తుంది. కుర్చీ వెనక్కి తోసేస్తారు. ఉక్కగా ఉందని బయటికి వెళ్ళిపోతారు. మీరు బయటికి వెళ్ళిపోయిన పాటని నేనింక ముట్టుకోను. అలాగే పంపించేస్తాను."

పెద్దల్లుడు గోడకేసి చూశాడు. అక్కడ వరసగా ఫొటోలున్నాయి. చిన్నల్లుడు బహుమతులు అందుకుంటున్న ఫొటోలు. ఆ స్థితిలో కూడా అతని కళ్ళు లెక్కపెట్టాయి. ఈ రెండేళ్ళవి ఆరు. ఆరు పాటలూ గుర్తున్నాయి. ఆరుసార్లూ ఇంత బాగా ఎలా కుదిరింది వీడికి అని రగిలిపోయి, లేచి వరండాలోకి పోయి నిలబడ్డాడు. తను అక్కడ నిలబడి అసూయతో కాలిపోతున్న ఆ పది నిమిషాల్లోనే, లోపల వీడు పాట పూర్తయిందని తేల్చేశాడన్నమాట. తన మంటనే వీడు కొలబద్ద చేసుకున్నాడు.

"అంటే ఆ ఆరూ నావి," అన్నాడు.

"మీవే."

"అంత తేలిగ్గా అనేస్తున్నావేం? ఆ ఫొటోల్లో నేనెక్కడున్నాను? వేదిక మీద మైకు పుచ్చుకుని ఎవరెవరికో దణ్ణాలు పెట్టావు, ఒక్కసారి నా పేరెత్తావా?"

"ఎత్తితే ఎందుకో చెప్పాల్సొస్తుందని భయపడ్డాను. అది నా తప్పే. మీ మరదలికి కూడా చెప్పలేదు ఈ సంగతి. మా అమ్మకి చెప్పలేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

చిన్నల్లుడు నేల చూశాడు. ఆ చూపు పెద్దల్లుడు వదల్లేదు.

"ఎవరికి చెప్పావు?"

"మావయ్యగారికి."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది. డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళాను. మీకు కూడా చెప్పేద్దామన్నాను. నిజంగా అన్నాను అన్నయ్యగారూ. ఆయనే వద్దన్నారు."

"ఎందుకొద్దన్నారు?"

"వదిలెయ్యండి."

"చెప్పు."

"మీరు బాధపడతారు."

"రెండేళ్ళుగా నా మొహం మీద బతికావు, ఇప్పుడు నా బాధ గుర్తొచ్చిందా? చెప్పు."

చిన్నల్లుడు ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు చెప్పాడు. "పెద్దల్లుడంత పనిమంతుణ్ణి నేను చూడలేదు, అన్నారు. కానీ నీ లోటు తెలిస్తే అతను సంతోషిస్తాడురా నాన్నా. ఆ సంతోషాన్ని దాచుకోవడం కూడా అతనికి చేతకాదు. చూస్తే నాకు అతని మీద ఉన్న గౌరవం పోతుంది, నాకది ఇష్టం లేదు, అన్నారు."

పెద్దల్లుడికి పొద్దున అద్దంలో కనబడ్డ మొహం కళ్ళముందు నిలిచింది. మావయ్యగారు రెండేళ్ళ ముందే ఆ మొహాన్ని చూసేశారు. తను దాన్ని నిన్న మధ్యాహ్నం తయారు చేసుకున్నాననుకున్నాడు.

సిగ్గు పడాల్సిన చోట కూడా అతనికి వచ్చింది కుళ్ళే. ఆయన చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకునే చనువు వీడికుంది. డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా వెళ్ళి తలుపు తట్టే చనువు వీడికుంది. ఇరవై రెండేళ్ళ వయసు నుంచి ఆ ఇంట్లో తిరుగుతున్నాడు తను. తనకి గుండెనొప్పి వచ్చినా ముందు ఫోన్ చేసి రావచ్చా అని అడిగే వెళ్ళేవాడు.

"నిన్న ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగాడు చిన్నల్లుడు.

"ఈల మోగించాను. నువ్వు టీ ఊదుకున్నావు."

"తెలిసి కూడా పాట పంపించనిచ్చారా?"

"పంపించింది నువ్వు."

చిన్నల్లుడు తలూపాడు. గొంతులో కోపం లేదు, అదే పెద్దల్లుడికి భరించరానిది. "తొమ్మిదింటికి అమ్మగారు ఫోన్ చేశారు. బయల్దేరుతున్నాను అన్నారు, అంతే. పెట్టేశారు. ఇంక వచ్చేస్తూ ఉంటారు. మీరు ఏమీ మాట్లాడకండి, నేను చూసుకుంటాను."

ఆ మాట అంటుండగానే వాకిట్లో కారు ఆగింది. మెట్ల మీద రెండు జతల అడుగులు. ఒకటి ఆవిడది. కర్ర తాటిస్తూ వచ్చే రెండోది మావయ్యగారిది.

గాయని లోపలికి వచ్చి కూర్చోలేదు. అరవై దాటిన మనిషి, మెట్లెక్కిన ఆయాసం ఉంది, అయినా కూర్చోలేదు. మావయ్యగారు ఆవిడ వెనకే వచ్చి తలుపు దగ్గర ఆగారు.

"పదకొండేళ్ళు ఎందుకు పాడలేదో తెలుసా మీకు?" అంది ఆవిడ ఇద్దర్నీ చూస్తూ. "నా గొంతు పాడైపోయిందని ఎవరో రాశారు. అది చదివి నమ్మాను. మళ్ళీ పాడదామని ధైర్యం చేసుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. నిన్న సాయంత్రం మీరు పంపిన పాట పెట్టుకున్నాను. పాము బుస కొట్టినట్టుంది. ఒకసారి విని, అయితే ఆ రాసినవాడు నిజమే రాశాడు అనుకుని పడుకున్నాను. పొద్దున లేచి అనుమానం వచ్చింది. బాత్రూములో తలుపేసుకుని అదే పాట నాకు నేను పాడుకున్నాను. అక్కడ బుస లేదు. అంటే బుస నా గొంతులోది కాదు. మరి ఎక్కడ్నుంచి వచ్చింది?"

ఇద్దరి కళ్ళూ కన్సోల్ మీదకి వెళ్ళాయి.

"నిన్న ఇక్కడ ఎవరు కూర్చున్నారు?" అని అడిగింది, కన్సోల్ మీద వేలుంచి.

"నేనొక్కణ్ణే అమ్మా," అన్నాడు చిన్నల్లుడు వెంటనే. "అన్నయ్యగారికి ఒంట్లో బాగోలేక మధ్యాహ్నమే ఇంటికెళ్ళిపోయారు. నేనే తొందరపడ్డాను. తప్పు నాది."

పెద్దల్లుడి భుజాలు తేలికపడ్డాయి. ఒక్క మాటతో బయటపడిపోయాడు. ఇంక నోరు మూసుకుని నిలబడితే చాలు. అలాగే నిలబడేవాడు కూడా, మావయ్యగారి వైపు చూడకుండా ఉంటే.

ఆయనకి నిజం తెలుసు. నిన్న సాయంత్రం ఐదున్నరకి స్టూడియో తాళాలు ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది పెద్దల్లుడే. ఆయన మాత్రం ఆ మాట ఎత్తకుండా, అబద్ధం ఆడుతున్న చిన్నల్లుణ్ణి చూస్తున్నారు. ఆ చూపులో ఉన్నదాని కోసం పెద్దల్లుడు ఇరవై ఏళ్ళుగా వైర్లు చుట్టాడు, మైకులు తుడిచాడు, జ్వరంతో కూడా పనికి వచ్చాడు. ఒక్కరోజు కూడా అది తన మీద వాలలేదు. తను చేసిన తప్పు మోసి కూడా వీడే దాన్ని ఎత్తుకుపోతున్నాడు. ఆఖరికి మంచితనంలో కూడా వీడిదే పైచేయి.

"అబద్ధం," అన్నాడు పెద్దల్లుడు.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నాను. ప్రతి మీటా నా చేత్తోనే తిప్పాను. నాకు ఒంట్లో శుభ్రంగా ఉంది."

"అన్నయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు మెల్లగా.

"నువ్వాగు. నీ దయతో బయటపడాల్సిన ఖర్మ నాకింకా పట్టలేదు."

గాయని అతని దగ్గరికి వచ్చింది. "ఆ బుస మీకు వినబడిందా?"

"వినబడింది."

"విని ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

"మీరా?" అంది ఆవిడ. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నేను దగ్గితే మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆ దగ్గుకి ముందు ఊపిరి బావుందని చెప్పిన మనిషి మీరు. ఎందుకు ఊరుకున్నారు?"

చెప్పకూడదనుకున్నాడు. నోరు వినలేదు. "మీరు నన్ను అడగలేదు కాబట్టి. పన్నెండు ఆల్బమ్‌లు చేశాను మీకు. పదకొండేళ్ళ తర్వాత వచ్చి, నా చెయ్యి పట్టుకుని, పిల్లలు బాగున్నారా అని అడిగి, నన్ను దాటుకుని వెళ్ళిపోయారు."

గాయని కళ్ళజోడు తీసింది. తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకుంది.

"ప్రొడ్యూసర్ కొత్తవాడు కావాలనుకున్నాను. నా వయసుకి కొత్త ఆలోచన కావాలి, నిజమే. కానీ ఆ కుర్చీలో మీరుంటారు కదా అన్న ధైర్యంతోనే ఈ స్టూడియోకి వచ్చాను. మిమ్మల్ని వేరే అడగాలా? ఇంట్లో మనిషిని భోజనానికి పిలుస్తారా ఎవరైనా?"

పెద్దల్లుడు కన్సోల్ అంచు పట్టుకున్నాడు. రెండు రోజులు అన్నం మానేసింది దీనికా? ఏదో అనబోయాడు. క్షమించమనడమే అయి ఉంటుంది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ సంగతి తెలిసింది. తర్వాత మాట్లాడుకుందాం. నాకు ఇంకోటి అర్థం కావడం లేదు." ఆవిడ చిన్నల్లుడి వైపు ఒకసారి చూసింది. స్టూలు చూసింది, స్పీకర్లు చూసింది. వాటి మధ్య దూరం ఎంతో అంచనా వేస్తున్నట్టుంది. "మీరు కోపంతో ఊరుకున్నారు. బాగానే ఉంది. ఇతనికి మీ మీదా, నా మీదా కోపం లేదు కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ పక్కనే కూర్చున్నాడు. అదే గదిలో, అదే పాట. ఇతనెందుకు ఊరుకున్నాడు?"

చిన్నల్లుడి మొహంలో రక్తం లేదు. మావయ్యగారు తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు.

గాయని మాత్రం వాళ్ళిద్దర్నీ చూడటం లేదు. ఆవిడ అడిగింది పెద్దల్లుణ్ణి.

"ఈ అబ్బాయికి వినబడుతుందా? మీరు చెప్పండి. మీరు చెబితే నమ్ముతాను."